పలుపుతో పోయిన నిద్ర

తొండూరు పక్క పల్లెలో ఈశ్వరయ్య ఇంట్లో పొద్దు ఎట్లా మొదలయ్యేదో ఊరందరికీ తెలుసు. ముందు ముసలామె బాలనాగమ్మ దగ్గేది. ఆ దగ్గుకు కోడలు మునెమ్మ లేసి చీపురు పట్టుకునేది. చీపురు చప్పుడుకు కొట్టంలో ఎర్రావు లేసి ఒళ్లు విరుచుకునేది. ఈశ్వరయ్య మాత్రం గొర్రెల దొడ్డి తడిక తీసేదాకా ఒక కన్ను మూసుకొనే తిరిగేవాడు. ఆ ఇంట్లో దేనికి కొరత ఉన్నా నిద్రకు లేదు మరి. తిన్నా తినకపోయినా తల ఆనిస్తే చాలు, గుర్రు పెట్టేవాళ్లు. పాలు తాగే పిల్లోడు గంగులైతే రొమ్ము నోట్లో ఉండంగానే నిద్రపోయేవాడు.

వాళ్ల వసారా గోడకు వరసగా మేకులు, మేకుకొక పలుపు వేలాడతా ఉండేవి. గొడ్డును అమ్మితే దాని మెడలో పలుపు ఇప్పుకొని ఇంటికి తెచ్చుకోవాల. కొన్నోడు తన పలుపు తాను తెచ్చుకోవాల. గొడ్డు పోయినా ఇంటి కలిమి పలుపులో నిలుస్తుందని ఆ పక్క వాళ్ల లెక్క. ఎర్రావు మెడలో ఉండే పలుపు బాలనాగమ్మ తన చేత్తో పేనింది. మేక వెంట్రుకలు, జనుపనార కలిపి, తొడ మీద ఒత్తి ఒత్తి, మధ్యమధ్యలో తానే కునికిపాట్లు పడతా పేనింది.

కర్నూల్లో రాజధాని పెట్టిన ఏడు అది. రాష్ట్రం వచ్చిందని పులివెందులలో మైకులు పెట్టి చెప్పినారు. వాన మాత్రం రాలేదు. బావిలోకి చేద వేస్తే అడుగున రాయికి తగిలి ఠంగుమనేది. వేరుశనగ కట్టె అయిపోయింది, జొన్న చొప్ప అయిపోయింది, ఆఖరికి ఇంటి కప్పు మీద బోద పీకి ఎర్రావుకు వేసినారు. కప్పు ఎంతుంటుందని! ఒక మూల ఆకాశం కనిపించిన రోజు ఈశ్వరయ్య ఆవును తోలుకొని పులివెందుల సంతకు పోయినాడు.

సంతలో గొడ్ల బేరం నోటితో చెయ్యరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి పైన ఒక తువ్వాలు కప్పుకుంటారు. ఆ తువ్వాలు కింద ఏ వేలు పట్టుకున్నారో, ఎన్ని వేళ్లు నొక్కినారో ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలిసే దారి లేదు. తెగినాక కూడా ఎంతకు తెగిందని అడిగేది మర్యాద కాదు. అట్లానే జమ్మలమడుగు దళారి అబ్దుల్ సత్తార్, ఈశ్వరయ్య తువ్వాలు కింద మాట ఖాయం చేసుకున్నారు. ఇంక పలుపు ఇప్పాల. ఈశ్వరయ్య మెడ మీద చెయ్యి వేసినాడు. ఎర్రావు ముఖం తిప్పి, వాని మోచేతి మీద ఉప్పంతా నాకింది. అంతే, వానికి కళ్లు కనపడలేదు. పలుపు కొస దళారి చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పరుగులాంటి నడకతో సంత దాటినాడు.

ఇంటికొచ్చినోని చేతులు చూసి తల్లి అడిగింది.

“పలుపు యాడరా?”

ఈశ్వరయ్య గోడ కేసి చూసినాడు. ఖాళీ మేకు కనిపించింది.

“ఓయమ్మ! పలుపుతో సహా ఇచ్చేసినావా? ఎంత పని చేస్తివిరా నాయనా!”

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పెద్దోళ్లు ఎట్లనో ఓర్చుకున్నారు. కళ్లు నిప్పుకణికలైనాయి, చేతిలో చెంబు ఎందుకు పట్టుకున్నారో మరిచిపోయేవాళ్లు, అయినా తిరిగేవాళ్లు. పిల్లోడు ఓర్చుకోలేకపోయినాడు. మొదట ఏడ్చినాడు. తర్వాత ఏడ్చే ఓపిక కూడా పోయింది. రెప్ప వెయ్యకుండా కప్పులో బొక్క కేసి చూస్తా పడుకొని ఉండేవాడు. తొడల కండ కరిగి తోలు జారింది. నాటువైద్యుడు వచ్చి పిల్లోని చెయ్యి పట్టి చూసి, సంచి మూట కట్టుకున్నాడు.

“దీనికి నా కాడ మందు లేదు. పలుపు పోయింది గదా. అది తెచ్చుకుంటే బిడ్డ బతుకుతాడు. తెచ్చుకోకపోతే శానా రోజులు లేదు.”

ఈశ్వరయ్య తలకాయ గోడకు కొట్టుకున్నాడు. “నేను పోతా, నేను తెస్తా” అన్నాడు. పోతే గొర్రెలు? కాలవ నీళ్లు తాకే మైదుకూరు దిక్కు తోలుకపోకపోతే వారం తిరక్కముందే మందంతా చస్తుంది. మంద చస్తే ఇల్లంతా చస్తుంది. మునెమ్మ పిల్లోన్ని చీర చెంగులో వేసి నడుముకు బిగించి కట్టుకొని, రెండు సద్దరొట్టెలు మూట కట్టుకొని లేసింది.

“నువ్వు గొర్రెల్ని తోలుకపో. నా బిడ్డ సంగతి నేను చూసుకుంటా” అంది మొగునితో. తిట్టాలని ఉండింది. తిట్టే ఓపిక లేక ఊరుకుంది.

పులివెందుల సంతలో అడిగితే చెప్పనివాళ్లు లేరు. ఎర్రావు ఆ సంత మధ్యలో నడిచిపోయిన సంగతి ఎవరు మరిచిపోతారు!

“నువ్వు అడిగేది ఆ ఆవునేనా మ్మే?” అంది కొత్తిమీర అమ్మే ఇందిరమ్మ. “అది ఇట్లా పోయిందో లేదో సంతంతా నిద్రపోయింది గదా! తక్కెడ చేతిలో పట్టుకొని నేను నిద్రపోతి. లేసి చూస్తే నా కొత్తిమీరంతా మేకలు మేసేసి, అవి కూడా గంప పక్కనే పండుకొని ఉండె. అడిగేదెవర్ని, కొట్టేదెవర్ని?”

“యా దిక్కు పోయిందమ్మా?”

“దళారి జమ్మలమడుగు మనిషి. ఆడికే తోలుకపోయింటాడు. ఇంద, నాలుగు ఉల్లిగడ్డలు పెట్టుకో. బిడ్డ చూపు బాగలేదు. బిర్నా పో, ఆలస్యం చెయ్యొద్దు.”

గొడ్ల సామాన్లు అమ్మే కమాల్ బాషా అప్పుడే బండి కడతా ఉన్నాడు. పలుపులు, పగ్గాలు, మువ్వలు, దిష్టితాళ్లు వేసుకొని సంత తర్వాత సంత తిరగడమే ఆయన బతుకు. ఎక్కడ ఏ గొడ్డు చేతులు మారినా ఆయన దగ్గర కొత్త పలుపు కొనాల్సిందే.

“ఎక్కు బిడ్డా” అన్నాడు. “అందుకే అనుకుంటాండా, సత్తార్ ఆవును కొని నా కాడ పలుపు కొనకుండా ఎట్లా పాయెనా అని.”

బండిలో మునెమ్మ పిల్లోన్ని ఒళ్లో పడుకోబెట్టుకుంది. జోకొట్టింది. పాట పాడింది. పాట పాడేకొద్దీ పిల్లోడు ఇంకా పెద్ద కళ్లు చేసుకొని ఆమె నోటికేసి చూసినాడు. దోవ పొడుగునా రోడ్డు పక్కన చేలు బీళ్లుగా ఉన్నాయి. ఎదురొచ్చే బండ్లలో కూరగాయలు లేవు. వంటచెరుకు, తలుపులు, పాత మంచాలు వేసుకొని వస్తున్నారు జనం, సంతలో అమ్ముకునేదానికి.

“మామా, నిద్ర ఆ పలుపు కాడ ఎవరుంటే వాళ్లకు వస్తాదా?” అని అడిగింది మునెమ్మ.

“దోవలో ఉన్నప్పుడు అందరిదీ. ఒక ఇంట్లో కట్టేసినాక ఆ ఇంటిదే. అందుకే తొందరపడాల మనం.”

మర్నాడు జమ్మలమడుగు సంత చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. పెన్నలో నీళ్లు లేవు, ఇసకలో చెలమలు తోడి చెంబులతో ముంచుకుంటున్నారు. సంత చివర ఒక చింతచెట్టు కింద పదిమంది వరసగా పడుకొని కనిపించినారు. ముందర గంపలు పెట్టుకొనే నిద్రపోతున్నారు. మునెమ్మ బండి ఆగక ముందే దూకింది. పడింది, లేసింది, పరిగెత్తింది. చెట్టు చుట్టూ చూసింది. ఆవు లేదు. పిల్లోన్ని వాళ్ల మధ్యలో పడుకోబెట్టి కూర్చుంది, ఆ నిద్ర రవ్వంతైనా అంటుకుంటుందేమో అని. పిల్లోడు ఆకుల్లోకి చూస్తా ఉండిపోయినాడు.

కమాల్ బాషా వచ్చి భుజం తట్టినాడు.

“లేయి బిడ్డా. ఇది పలుపు నిద్ర కాదు. వీళ్లు తిండి లేక పడిపోయినారు.”

మునెమ్మ అక్కడే నోట్లో కొంగు కుక్కుకొని ఏడ్చింది. దేవున్ని తిట్టింది, మొగున్ని తిట్టింది, ఎర్రావును కూడా తిట్టింది. తర్వాత మూట ఇప్పి, మిగిలిన రొట్టె పడుకున్న ఒక ముసలోని చేతిలో పెట్టి లేసింది.

దళారి అబ్దుల్ సత్తార్ టీ అంగడి కాడ దొరికినాడు. ఆమెను చూసి, చెంగులో బిడ్డను చూసి, అడగక ముందే సంగతంతా అర్థం చేసుకున్నాడు.

“తప్పు నాది కూడా తల్లీ. మీ ఆయప్ప పలుపు చేతిలో పెట్టి పోతాంటే పిలవాలనుకుంటి. నోరు తెరిస్తే ఆవలింత వస్తాండె. ఆ ఆవును తోలుకొచ్చినంతసేపు నిలబడే నిద్రపోతాంటి. వ్యాపారం చేసేవాడు నిద్రపోతే ఎట్లా? ప్రొద్దుటూరు అయ్యవారు దక్షిణామూర్తికి అమ్మేసినా. ఆయన పెండ్లానికి బిడ్డ పుట్టి పోయింది. అప్పటి నుంచి ఆయమ్మకు నిద్ర లేదు. నిద్ర పట్టకపోతే బతకదని డాక్టరు చెప్పినాడంట. ఈ ఆవు సంగతి విని ఆయన పరిగెత్తుకుంటా వచ్చినాడు.”

చెంగులో పిల్లోడు ఉదయం నుంచి రొమ్ము పట్టలేదు. ఇప్పుడు అయ్యవారింట్లో ఒక మనిషి ఆ నిద్రతో బతుకుతుందని మునెమ్మకు తెలిసింది. తెలియకపోయినా బాగుండు అనుకుంది.

కమాల్ బాషా సంతలో బేరం వదిలేసి, ఎడ్లను మేపకుండానే మళ్లీ బండి కట్టినాడు.

ప్రొద్దుటూరులో దక్షిణామూర్తి ఇల్లు బడి వెనక వీధిలో ఉంది. పెరట్లో రేకుల పందిరి కింద ఎర్రావు నెమరు వేస్తా ఉంది. మెడలో అదే పలుపు. మునెమ్మను చూసి ఆవు లేసి నిలబడి గొంతులోనే ఒక శబ్దం చేసింది. పందిరి పక్కనే నులకమంచం, దాని మీద ఎముకలు లెక్కబెట్టేటట్టు ఉన్న ఒకామె. నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్ల మాదిరి నిద్రపోతా ఉంది. ఆమె వేదవతి.

దక్షిణామూర్తి గుమ్మంలోనే అడ్డం నిలబడినాడు. మునెమ్మ భుజాన బిడ్డను చూసి చేతులు జోడించినాడు.

“ఎందుకొచ్చినావో తెలుసమ్మా. ఆవును తోలుకపో. నాకు ఆవు వద్దు. పలుపు మాత్రం అడగొద్దు. ఆమె నిద్రపోక ఎన్నాళ్లో! ఇప్పుడిప్పుడే రెండు ముద్దలు తింటాంది. నీ కాళ్లు పట్టుకుంటా.”

“అయ్యవారూ, మీరు అట్లా అనొద్దు. నా బిడ్డను చూడండి. చూసి, మీరే చెప్పండి.”

ఆయన చూడలేకపోయినాడు. ముఖం తిప్పుకొని, పిడికిలి నోటికి అడ్డం పెట్టుకొని నిలబడినాడు. ఆయన చెడ్డోడైతే బాగుండేదనిపించింది మునెమ్మకు. చెడ్డోనితో కొట్లాడొచ్చు. ఈయనతో ఏమని కొట్లాడాల?

అప్పుడు పిల్లోడు చాలా రోజుల తర్వాత సన్నగా ఒక మూలుగు మూలిగినాడు. మంచం మీద వేదవతి కళ్లు తెరిచింది.

“ఎవరి బిడ్డ?” అంది.

ఎవరూ చెప్పే పని లేకుండానే ఆమె బిడ్డ కళ్లలోకి చూసి, ఆవు మెడ కేసి చూసి, మునెమ్మ కాళ్లకున్న దుమ్ము కేసి చూసింది.

“ఇట్లా రా అమ్మాయీ. మంచం మీద కూర్చో.”

మునెమ్మ వెనకాడింది. తన కులపోళ్లు ఆ ఇళ్లలో మంచం అంచు కూడా తాకేది లేదు.

“కూర్చోమంటాండా. మీ సంతలో బేరం గుడ్డ కింద చేస్తారంట గదా? ఆవును కొన్న రోజు ఈయన వచ్చి అదొక వింతగా చెప్పినాడు. నాకు కూడా చెయ్యాలనుంది.” ఆమె పైట కొంగు చాపి తన కుడిచేతి మీద కప్పింది. “పొద్దు గుంకినాక తెల్లారేదాకా నాలుగు జాములు. నాలుగు వేళ్లు. నువ్వెంత అడుగుతావో అడుగు. తువ్వాలు కింద ఖాయమైన మాటకు పలుపు కూడా కట్టుబడాల్సిందే గదా?”

“కట్టుబడతాదమ్మా” అన్నాడు గుమ్మం బయట నుంచి కమాల్ బాషా. “అది తప్పితే సంతలే ఉండవు.”

మునెమ్మ కొంగు కిందికి చెయ్యి పెట్టింది. వేదవతి వేళ్లు చల్లగా ఉన్నాయి. మునెమ్మ రెండు వేళ్లు పట్టి నొక్కింది. నీకు రెండు జాములు, నాకు రెండు. ఇంతకన్నా అడిగే హక్కు ఆమెకు కనిపించలేదు.

వేదవతి మూడో వేలు కూడా తెచ్చి ఆమె పిడికిట్లో పెట్టింది.

మునెమ్మ ఉలిక్కిపడి తల ఎత్తింది. వేదవతి ముఖంలో ఏమీ లేదు, ఎద్దుల బేరంలో తలపండిన దళారి ముఖం అంత మామూలుగా ఉంది. మునెమ్మ ఆ వేలిని వెనక్కి తోసింది. వేదవతి మళ్లీ పెట్టింది. మళ్లీ తోసింది. మళ్లీ పెట్టింది. పక్కన నిలబడిన భర్తకు కొంగు కదలడం తప్ప ఏమీ కనపడలేదు. భుజం మీద పిల్లోని తల ఒక పక్కకు వాలిపోయింది. కళ్లు మాత్రం తెరుచుకొనే ఉన్నాయి.

మునెమ్మ పిడికిలి మూసింది. మూడు వేళ్లూ లోపలే ఉన్నాయి.

“ఖాయం” అంది వేదవతి.

“సగం సగమే గదా వేదా?” అన్నాడు దక్షిణామూర్తి. “సగం చాలంటావా నీకు?”

“ఎంతకు తెగిందని అడక్కూడదంట. మీరే చెప్పినారు” అని నవ్వి, ఆమె మళ్లీ దిండు మీద తల పెట్టింది.

కమాల్ బాషా బండి నుంచి ఒక కొత్త పలుపు తెచ్చి, కొన్నోళ్ల ఇంట్లోనే ఉండిపోయే ఎర్రావుకు కట్టినాడు. దానికి దుడ్లు తీసుకోలేదు. మునెమ్మ పాత పలుపు ఇప్పి భుజాన వేసుకుంది. గడప దాటీ దాటక ముందే పిల్లోని రెప్పలు వాలినాయి. వాలి, తేరుకొని, మళ్లీ వాలినాయి. ఆ బరువు భుజం మీద పడేసరికి ఆమె వీధి మధ్యలోనే కూలబడి ఏడ్చింది. ఇంటికి చేరడం మాత్రం మాటలు కాదు. దోవలో ఉన్న పలుపు అందరిదీ గదా, ప్రొద్దుటూరు కూరగాయల అంగళ్లు నిద్రపోయినాయి, టోల్‌గేటు కాడ బంట్రోతు నిద్రపోయినాడు, ఎడ్లు నడుస్తానే నిద్రపోయి బండిని ఒకసారి వంకలోకి, ఒకసారి వాము చేనులోకి తీసుకపోయినాయి.

ఇంట్లో మేకుకు పలుపు తగిలించినాక బాలనాగమ్మ మళ్లీ గుర్రు పెట్టింది. పిల్లోనికి కండ వచ్చింది. ఆలస్యంగానైనా వాన వచ్చింది, గొర్రెలు మైదుకూరు నుంచి తిరిగొచ్చినాయి. అయితే రోజూ ఆఖరి జాము మొదలయ్యేసరికి ఆ ఇంట్లో అందరికీ టక్కున మెలకువ వచ్చేది. పిల్లోడు కూడా లేసి కూర్చొని ఆడుకునేవాడు. ఎంత పనిమంతులో చూడు, కోడి కూయక ముందే లేస్తారని ఊళ్లో పేరు వచ్చింది. ఈశ్వరయ్య ఒకసారి అడిగినాడు, ఈ ఒక్క జాము ఏమైందని.

“తువ్వాలు కింద మాట” అంది మునెమ్మ. అతను ఇంక అడగలేదు.

ఆ జాములో ఆమె పిండి విసురుకుంటా ప్రొద్దుటూరు మంచాన్ని తలుచుకునేది. ఇప్పుడు ఆయమ్మ పండుకొని ఉంటాది, ఇప్పుడు నోరు కొంచెం తెరుచుకొని ఉంటాది అనుకునేది. ఒక్క జాము చాలదని తెలుసు ఆమెకు. డాక్టరు మాట కూడా తెలుసు. తెలిసీ పిడికిలి మూసింది. సంతకు పోయే బండ్లు కనిపిస్తే చాలు, ప్రొద్దుటూరు అయ్యవారి ఇల్లు ఎట్లుండాదని అడిగేది. “ఆయమ్మ మంచంలోనే ఉండాదంట, నవ్వతానే ఉండాదంట” అని చెప్పేవాళ్లు. ఆ పూట ఆమెకు ముద్ద దిగేది కాదు.

పిల్లోడు నడక నేర్చినాడు. మాటలు నేర్చినాడు. జొన్న కంకి పాలు పోసుకునే కాలంలో ఒక రోజు మునెమ్మ ముఖం మీద ఏదో వెచ్చగా తగిలింది. కళ్లు తెరిచింది. కప్పు సందులో నుంచి ఎండ. వాకిట్లో చింతచెట్టు మీది కాకులు ఎప్పుడో లేసి పోయినాయి. దొడ్లో గొర్రెలు అరుస్తా ఉన్నాయి. పక్కన అత్త గుర్రు పెడతా ఉంది, మొగుడు గుర్రు పెడతా ఉన్నాడు, మధ్యలో గంగులు బోర్లా పడుకొని, చెంప నలిగి, ఎంగిలి కారుస్తా నిద్రపోతున్నాడు.

నాలుగో జాము ఇంటికొచ్చేసింది. ప్రొద్దుటూరు మంచం మీద ఆ జాము నిద్రపోయే మనిషి ఇంక లేదు.

మునెమ్మ లేసి కూర్చుంది. తన కుడిచేతిని ఎండలో పెట్టి చూసుకుంది. పిడికిలి మూసింది, తెరిచింది. ఆ వేలి చల్లదనం ఇంకా చేతిలోనే ఉన్నట్టుంది. గొంతులో నుంచి ఒక అరుపు వచ్చింది గానీ ఎవరూ కదల్లేదు. ఆమె పిల్లోన్ని రెండు చేతులా పట్టుకొని కుదిపింది. ఈ బిడ్డ నిద్ర కోసమే ఆమె సంతలన్నీ తిరిగింది.

“లేయి నాయనా. లేయిరా. ఈ జాము మనది కాదు, లేయి!”

పిల్లోడు పక్కకు తిరిగి, మళ్లీ నిద్రపోయినాడు.